వర్చువల్ మెషిన్‌లో డెబియన్ వేసుకున్న నా అనుభవం

ఆరేళ్ల కిందట ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకుందామని కూర్చున్నాను. ఇన్‌స్టాలర్ అడిగిన ఒక ప్రశ్నను సరిగ్గా చదవకుండా సరే నొక్కాను. డీ డ్రైవ్ మొత్తం పోయింది. మా పాప మొదటి ఏడాది ఫోటోలు అందులోనే ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి రెండు రాత్రులు వెతికితే కొన్ని బాగానే దొరికాయి. కొన్ని పైసగం బొమ్మ, కిందసగం బూడిదరంగుతో వచ్చాయి. మిగతావి రానే లేదు. అప్పటి నుంచి ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడం అంటే చాలు, నాకు టెన్షన్ మొదలయ్యేది.

ఈమధ్య ఆఫీసులో నన్ను సర్వర్లు చూసుకునే టీమ్‌లోకి మార్చారు. అక్కడివన్నీ డెబియన్ లినక్స్ మీద నడుస్తాయి. నేర్చుకోక తప్పదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. దాన్ని ముట్టుకునే ధైర్యం లేక తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, నీ డిస్క్ జోలికే వెళ్లక్కర్లేదు. వర్చువల్ మెషిన్‌లో వేసుకో" అన్నాడు.

"అందులో కూడా డిస్క్ చెరిపేయమంటారా అని అడుగుతుంది కదరా?"

"అడుగుతుంది. కానీ అది డిస్క్ అనుకునేది నీ దగ్గరున్న ఒక ఫైల్‌ని."

ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా బుర్రకెక్కలేదు. సరేనని, కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్ ఉన్నట్టు నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ దించుకుని మొదలుపెట్టాను.

మొదటి అడ్డంకి బయోస్‌లో, అంటే విండోస్ మొదలయ్యేముందు తెరుచుకునే సెట్టింగ్‌ల మెనూలో ఎదురైంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే కింద వర్చువలైజేషన్ అని ఒక లైన్ ఉంటుంది. నా దాంట్లో అక్కడ డిసేబుల్డ్ అని ఉంది. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాల్సి వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవాటిలో ఇది వీటీ-ఎక్స్ అనో, ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో కనిపిస్తుంది. ఏఎమ్‌డీ ఉన్నవాటిలో ఎస్‌వీఎం అని ఉంటుంది. ఒక్కో తయారీలో ఒక్కో మెనూలో దాగి ఉంటుంది కాబట్టి కాస్త ఓపిగ్గా వెతకాలి.

ఇది ఎందుకు కావాలో తెలుసుకోవాలనిపించి చదివాను. ఒక కంప్యూటర్‌లోనే మరికొన్ని కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించడం పాత విద్యే. ఐబీఎం తన పెద్ద మెయిన్‌ఫ్రేమ్‌ల కోసం వీఎం/370 అనే వ్యవస్థను 1972లోనే తెచ్చింది. మన ఇళ్లలో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లను మాత్రం ఆ పనిని దృష్టిలో పెట్టుకుని తయారు చేయలేదు. లోపల నడిచే ఓఎస్, దాన్నే గెస్ట్ ఓఎస్ అంటారు, ఇచ్చే కొన్ని ఆదేశాలను మధ్యలో పట్టుకుని ఆపే వీలు వాటిలో ఉండేది కాదు. 1999లో వచ్చిన వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ అలాంటి ఆదేశాలను నడుస్తుండగానే వేరే ఆదేశాలుగా మార్చి ఆ లోటు పూడ్చింది. తర్వాత 2005లో ఇంటెల్, 2006లో ఏఎమ్‌డీ ఆ సౌకర్యాన్ని ప్రాసెసర్‌లోనే పెట్టాయి. నేను బయోస్‌లో ఆన్ చేసింది దాన్నే. అది తెలిశాక ఆ స్విచ్ మీద నాకు గౌరవం కలిగింది.

ఇక ఐఎస్ఓ ఫైల్, అంటే ఓఎస్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైల్. డెబియన్ 12 నెట్ ఇన్‌స్టాల్ ఫైల్ ఒక జీబీ కూడా ఉండదు, మిగతా ప్యాకేజీలన్నీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నేను దించుతున్నప్పుడు మధ్యలో నెట్ పోయి మళ్లీ వచ్చింది. ఫైల్ చూడటానికి బాగానే ఉంది. అయినా తమ్ముడు చెప్పాడని ఎస్‌హెచ్‌ఏ-256, అంటే ఫైల్‌లోని డేటాను బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది, సరిచూశాను. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్ ఇస్తే 64 అక్షరాల వరుస ఒకటి వస్తుంది, డెబియన్ వాళ్లు ఇచ్చిన వరుసతో అది అచ్చంగా కలవాలి. నాది మొదటి అక్షరం నుంచే కలవలేదు. మళ్లీ దించుకున్నాక కలిసింది. ఈ రెండు నిమిషాల పని చేయకపోతే, ఇన్‌స్టాల్ సగంలో ఏదో ఎర్రర్ వచ్చి, తప్పు నాదేనేమో అనుకుంటూ రోజంతా గడిపేదాన్ని. దయచేసి ఈ మెట్టు ఎవరూ దాటవేయకండి.

కొత్త మెషిన్ తయారు చేసేటప్పుడు రెండు పొరపాట్లు చేశాను. నేను వాడింది వర్చువల్‌బాక్స్ 7.0. అందులో ఐఎస్ఓ ఎంచుకోగానే, మనల్ని ఏమీ అడగకుండా తనే ఇన్‌స్టాల్ చేసే పద్ధతి దానంతటదే ఎంపికై ఉంటుంది. అది వద్దు అనే టిక్ పెట్టకుండా ముందుకు వెళ్లాను. కాఫీ తాగి వచ్చేసరికి మెషిన్ సిద్ధంగా ఉంది, అందులో నేను ఇవ్వని వీబాక్స్‌యూజర్ అనే పేరు ఉంది. పని త్వరగా కావాలనుకునేవాళ్లకు అది చాలా మంచి సదుపాయం. నేను వచ్చింది మాత్రం ఆ ప్రశ్నల్ని ఎదుర్కోవడానికి. ఆ మెషిన్ తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. రెండో పొరపాటు ర్యామ్ విషయంలో. ఎక్కువిస్తే వేగంగా ఉంటుందని 8 జీబీలో 6 ఇచ్చేశాను. విండోస్‌కు 2 మిగిలాయి. మౌస్ కదపడానికి కూడా ల్యాప్‌టాప్ ఆలోచించడం మొదలుపెట్టింది. గెస్ట్ ఉండేది హోస్ట్ (బయటి అసలు కంప్యూటర్) మీద కాబట్టి, హోస్ట్‌కు ఊపిరాడకపోతే గెస్ట్‌కూ ఆడదు. తర్వాత 2 జీబీ ర్యామ్, రెండు సీపీయూలు ఇచ్చాను, హాయిగా నడిచింది.

డిస్క్‌కు 20 జీబీ ఇచ్చాను. ముందే మొత్తం 20 జీబీ కేటాయించకుండా, వాడిన కొద్దీ పెరిగే రకం ఎంచుకున్నాను. అయ్యాక ఫోల్డర్ తెరిచి చూస్తే వీడీఐ అనే ఫైల్ ఒకటి కనిపించింది. దాని సైజు కొన్ని ఎంబీలు. తమ్ముడు చెప్పిన ఫైల్ ఇదే.

ఇన్‌స్టాలర్ మొదలైంది. భాష, కీబోర్డ్, టైమ్‌జోన్, మెషిన్ పేరు, ఇవన్నీ చకచకా అయిపోయాయి. రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్, పాస్‌వర్డ్ అడిగితే ఒకటి ఇచ్చాను. దాని ఫలితం తర్వాత తెలిసింది, చెబుతాను. ఆ తర్వాత నేను భయపడుతున్న పేజీ వచ్చింది.

డిస్క్ మొత్తం వాడుకోమంటారా అని అడుగుతోంది. కింద ఒకే ఒక్క డిస్క్ పేరు ఉంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆరేళ్ల కిందటి స్క్రీన్ కూడా దాదాపు ఇలాగే ఉంది. బుద్ధికి అది ఫైలే అని తెలుసు, మనసు ఒప్పుకోవడం లేదు. ఈసారి మాత్రం చదవకుండా నొక్కకూడదని, ఆ లైన్‌ను అక్షరం అక్షరం చదివాను. ఎస్‌డీఏ, 21.5 జీబీ, ఏటీఏ వీబాక్స్ హార్డ్‌డిస్క్.

నా ఎస్‌ఎస్‌డీ 512 జీబీ. ఇక్కడ ఉన్నది 21.5. పేరులోనే వీబాక్స్ అని ఉంది. నేను ఇచ్చింది 20 కదా, 21.5 ఎలా అయింది అని ఒక్క క్షణం మళ్లీ అనుమానం. కాగితం మీద లెక్క వేశాను. వర్చువల్‌బాక్స్ ఒక జీబీని 1024 చొప్పున మూడుసార్లు గుణించి లెక్కపెడుతుంది, అలా 20 జీబీ అంటే 2147 కోట్ల బైట్ల పైమాట. డెబియన్ ఇన్‌స్టాలర్ 1000 చొప్పున లెక్కపెడుతుంది, కాబట్టి అదే సంఖ్య 21.5 జీబీ అవుతుంది. లెక్క సరిపోయింది. అంటే ఈ ఇన్‌స్టాలర్‌కు ప్రపంచంలో కనిపించే డిస్క్ ఆ వీడీఐ ఫైల్ ఒక్కటే. నా ఫోటోలు ఉన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి ఉందని కూడా దానికి తెలియదు.

మార్పులు డిస్క్ మీద రాయమంటారా అన్న చివరి ప్రశ్నకు ముందుగా కాదు అన్నదే ఎంపికై ఉంటుంది. అవును అనే చోటికి మార్చి ఎంటర్ కొట్టాను. ఆరేళ్ల తర్వాత. పక్క విండోలో ఫోటోల ఫోల్డర్ తెరిచి పెట్టుకున్నాను, అన్నీ అక్కడే ఉన్నాయి.

తర్వాతది నింపాదిగా సాగింది. డెస్క్‌టాప్ ఎంచుకోమన్నప్పుడు గ్నోమ్ మీద ఉన్న టిక్ తీసేసి ఎక్స్ఎఫ్‌సీఈ మీద పెట్టాను, 2 జీబీ ర్యామ్‌కు అది తేలిక. సర్వర్ పని నేర్చుకోవడానికి, వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ కానిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ మీద కూడా టిక్ పెట్టాను. ఓఎస్‌ను మొదలుపెట్టే గ్రబ్ బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలి అంటే ఎస్‌డీఏ అన్నాను. ముప్పావుగంటలో లాగిన్ స్క్రీన్ వచ్చింది.

లోపలికి వెళ్లి, మామూలు యూజర్‌కు రూట్ అధికారం ఇచ్చే సుడోతో మొదటి కమాండ్ ఇవ్వగానే, మీ పేరు సుడోయర్స్ ఫైల్‌లో లేదు అంది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చిన ఫలితం ఇదే. డెబియన్‌లో ఆ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మొదటి యూజర్‌కు సుడో అధికారం దానంతటదే వస్తుంది, ఇస్తే రాదు. ఇన్‌స్టాలర్ ఆ పేజీలోనే ఈ విషయం రాసి ఉంచింది, భయపడే పేజీ ముందుందన్న ఆలోచనలో నేను చదవలేదు. సరే, ఎస్‌యూ అని కొట్టి రూట్ అయ్యి యాడ్‌యూజర్ కమాండ్‌తో నన్ను సుడో గ్రూపులో చేరుద్దామంటే, అసలు అలాంటి కమాండే లేదంది. అరగంట పోయింది. ఎస్‌యూ తర్వాత ఒక ఖాళీ, ఒక అడ్డగీత పెట్టాలట. అది లేకపోతే రూట్ అధికారం వస్తుంది కానీ, రూట్ కమాండ్లు ఎక్కడ వెతకాలో చెప్పే పాత్ మాత్రం మన పాతదే ఉండిపోతుంది. అడ్డగీత పెట్టగానే పని జరిగింది. లాగవుట్ అయ్యి మళ్లీ లాగిన్ అయ్యాక సుడో ఒప్పుకుంది.

స్క్రీన్ చిన్న చతురస్రంలా ఉండిపోతే, గెస్ట్ లోపల వేసే వర్చువల్‌బాక్స్ డ్రైవర్లు, గెస్ట్ అడిషన్స్, వేసుకున్నాను. దానికి ముందు బిల్డ్-ఎసెన్షియల్, మన కెర్నల్‌కు సరిపోయే హెడర్లు ఉండాలి, లేకపోతే మాడ్యూల్ తయారు కాదు. అయ్యాక విండో ఎంత సాగదీస్తే లోపలి డెస్క్‌టాప్ అంత సాగింది. ఇంకొకటి, మౌస్ లోపల చిక్కుకుపోతే కుడివైపు కంట్రోల్ మీట నొక్కితే బయటికి వస్తుంది.

హోస్ట్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో గెస్ట్‌లోకి వెళ్లాలనుకున్నప్పుడు మరో పాఠం నేర్చుకున్నాను. గెస్ట్‌లో ఐపీ 10.0.2.15 అని చూపిస్తుంది. విండోస్ నుంచి దానికి కనెక్ట్ అవ్వబోతే జవాబే లేదు. వర్చువల్‌బాక్స్ మామూలుగా పెట్టే న్యాట్ పద్ధతిలో గెస్ట్ బయటికి వెళ్లగలదు, బయటివాళ్లు లోపలికి రాలేరు. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో హోస్ట్ 2222ను గెస్ట్ 22కు కలిపాను. ఆ తర్వాత విండోస్ టెర్మినల్ నుంచే పని చేసుకున్నాను, ఆఫీసులో చేసినట్టే.

ఇక నాకు అన్నిటికంటే విలువైన భాగం. మెషిన్ నడుస్తుండగానే ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో అది ఉన్న స్థితిని భద్రపరచడం, తీసుకున్నాను. ఆ తర్వాత కావాలనే దాన్ని పాడు చేశాను. డీడీ కమాండ్‌తో ఎస్‌డీఏ మొదటి భాగం మీద సున్నాలు రాశాను. పార్టిషన్ టేబుల్ పోయింది. రీస్టార్ట్ చేస్తే బూట్ అయ్యేది ఏదీ దొరకలేదన్న మాట తప్ప నల్ల స్క్రీన్. గుండె దడదడలాడింది, నేనే చేశానని తెలిసినా సరే. మెషిన్ ఆపి స్నాప్‌షాట్ దగ్గరికి వెనక్కి వెళ్లమన్నాను. కొన్ని సెకన్లలో పాత డెస్క్‌టాప్, నేను తెరిచి పెట్టుకున్న నోట్స్ ఫైల్‌తో సహా, తిరిగి వచ్చింది. ఆ వారంలో సెట్టింగ్‌ల ఫైళ్లుండే ఈటీసీ ఫోల్డర్ చెరిపేశాను, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు వాడాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్ తప్పుగా రాశాను, గ్రబ్‌ను పాడు చేశాను. ప్రతిసారీ ముందు స్వయంగా బాగు చేయడానికి ప్రయత్నించాను, కుదరకపోతే వెనక్కి వెళ్లాను. గ్రబ్‌ను మాత్రం ఐఎస్ఓలోని రెస్క్యూ మోడ్‌తో నేనే నిలబెట్టాను, అందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

స్నాప్‌షాట్ ఉంది కదా అని బ్యాకప్ మానుకోకూడదు. అది కూడా అదే ఎస్‌ఎస్‌డీలో ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ పోతే రెండూ పోతాయి. ఉంచుకోదలచిన మెషిన్‌ను ఓవీఏ అనే ఒకే ఫైల్‌గా ఎగుమతి చేసి బయటి డిస్క్‌లో పెట్టాను. పాప ఫోటోలు ఇప్పుడు రెండు వేరువేరు డిస్క్‌లలో ఉన్నాయి.

డిస్క్ పెంచడం నేర్చుకోవాలని రెండో మెషిన్‌కు కావాలనే 8 జీబీ మాత్రమే ఇచ్చాను. త్వరలోనే నిండింది. మెషిన్ ఆపి, వర్చువల్‌బాక్స్‌లోని మీడియా మేనేజర్‌లో దాన్ని 20 జీబీకి లాగాను. లోపల డిస్క్‌లు, పార్టిషన్లు చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఇస్తే ఎస్‌డీఏ 20 జీబీ అనే చూపించింది, సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే రూట్ పార్టిషన్ ఎస్‌డీఏ1 మాత్రం పాత సైజులోనే ఉంది. పెద్దది చేద్దామంటే కదలదు. కారణం వెతికితే, ఇన్‌స్టాలర్ చూపిన దారిలో వెళ్తే రూట్ తర్వాత డిస్క్ చివర దాదాపు ఒక జీబీ స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు, పెడుతుంది. నేను చేర్చిన ఖాళీ ఆ స్వాప్‌కు అవతల ఉంది. పక్కింటి గోడకు అవతల స్థలం కొన్నట్టు. మధ్యలో ఉన్నదాన్ని తీస్తే తప్ప మన గది పెరగదు.

స్వాప్ ఆపేసి, ఎస్‌డీఏ5ను, దాన్ని పట్టుకున్న ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఎస్‌డీఏ2ను తీసేశాను. చివర ఒక జీబీ వదిలి ఎస్‌డీఏ1ను పెంచాను. పార్టిషన్ పెరిగినా, ఎంత చోటు నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ పాత సైజే చూపిస్తుంది, ఎందుకంటే లోపలి ఫైల్‌సిస్టమ్‌కు ఆ సంగతి ఇంకా తెలియదు. రీసైజ్2ఎఫ్ఎస్ ఇచ్చాక తెలిసింది. ఈఎక్స్‌టీ4ను వాడుకలో ఉండగానే పెంచవచ్చు, ఆపక్కర్లేదు. వదిలిన జీబీలో కొత్త స్వాప్ చేసి, అయిపోయిందనుకుని రీస్టార్ట్ చేశాను.

బూట్ ఆగిపోయింది. ఏదో డిస్క్ కోసం ఎదురుచూస్తూ నిమిషంన్నర లెక్కపెట్టి, ఆ తర్వాతే ముందుకు సాగింది. స్వాప్ కొత్తగా చేసినప్పుడు దానికి కొత్త యూయూఐడీ, అంటే దాన్ని గుర్తించే పొడవాటి సంఖ్య, వస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో పాత యూయూఐడీ అలాగే ఉంది, సిస్టమ్ ఆ పాతదాని కోసం ఎదురుచూసింది. అది మార్చాక కూడా మొదట్లో ఇంకొంచెం ఆలస్యం మిగిలింది. సస్పెండ్, రెస్యూమ్ పరికరం దొరకలేదు అనే అర్థం వచ్చే లైన్ ఒకటి మెరిసి పోతోంది. ఈటీసీలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ కింద రెస్యూమ్ అనే చిన్న ఫైల్‌లో కూడా అదే పాత యూయూఐడీ ఉంది. దాన్ని మార్చి, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను అప్‌డేట్ చేశాక బూట్ మామూలైంది. ఈ మొత్తం పనిని స్నాప్‌షాట్ లేని కాపీ మెషిన్ల మీద మూడుసార్లు మొదటి నుంచి చేశాను. స్నాప్‌షాట్ ఉంటే డిస్క్ సైజు పెంచడం చిక్కులు పెడుతుంది, అందుకని ఫుల్ క్లోన్ తీసి దాని మీద చేయడం మేలు.

నెల తర్వాత ఆఫీసులో ఒక సర్వర్ డిస్క్ 100 శాతం నిండింది. అదీ ఒక వర్చువల్ మెషినే, దానికి 20 జీబీ నుంచి 50 జీబీకి చోటు పెంచి ఇచ్చారు. లోపల సర్దే పని నేను చేస్తానన్నాను. మా సీనియర్ పక్కన కూర్చున్నారు. బ్యాకప్ ఉందని ముందు చూసుకున్నాను. అందులో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు డిస్క్‌లు ఉన్నాయి, ఎస్‌డీబీలో డేటాబేస్ ఉంది. ప్రతి కమాండ్‌కు ముందు డిస్క్ పేరు, సైజు పైకి చదివి, ఆ తర్వాతే ఎంటర్ కొట్టాను. స్వాప్ ఇక్కడ కూడా మధ్యలోనే ఉంది. డీఎఫ్‌లో 100 ఉన్నచోట 41 కనిపించింది.

"ఎఫ్‌స్టాబ్‌లో స్వాప్ యూయూఐడీ మార్చారా?" అని అడిగారు ఆయన.

"రెండు చోట్లా మార్చానండి" అన్నాను.

"రెండో చోటు ఏది?" అన్నారు. ఆ రెస్యూమ్ ఫైల్ తెరిచి చూపించాను.